చెలకలో నాలుగు రాడ్లు: మా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది ప్రాజెక్టు అంటే మా దగ్గర ఎక్కువమంది ఫెర్రైట్లో (ఇనుప ఆక్సైడ్ అయస్కాంత పదార్థాలు), థిన్ ఫిల్ములో (పల్చటి పూతలు) తీసుకుంటారు. పౌడర్లు కలపాలి, ఫర్నేసులో కాల్చాలి, పెల్లెట్ చేయాలి, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో చేసే పరీక్ష) కోసం హైదరాబాద్ పంపాలి. ఆ తర్వాత రిపోర్టు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి. సీనియర్లు ఆ ఎదురుచూపులోనే సగం సెమిస్టర్ గడపడం మేం చూశాం. నాకూ, నా ప్రాజెక్టు పార్ట్‌నర్‌కూ అంత ఓపిక లేదు, డబ్బు అసలే లేదు. గైడ్ సార్ దగ్గరికి వెళ్లి, "నల్గొండ దాటకుండా అయ్యే పని ఏదైనా ఇవ్వండి సార్" అని అడిగాం.

సార్ కాసేపు ఆలోచించి, "కండక్టివిటీ, అంటే వాహకత, కొలవండి. రాగి తీగ నుంచి గ్రానైట్ రాయి దాకా, ఇక్కడ దొరికే వస్తువులకే. ఏ వస్తువుకు ఏ పద్ధతి పనికొస్తుందో, ఎందుకో రాయండి" అన్నారు. బయటికొచ్చాక మా ఇద్దరికీ నవ్వొచ్చింది. మీటరు పెట్టడం, అంకె రాసుకోవడం, ఇదీ ఒక ప్రాజెక్టేనా అనుకున్నాం.

రాగి రెసిస్టివిటీ (కరెంటుకు పదార్థం ఎంత అడ్డుపడుతుందన్న కొలత, కండక్టివిటీకి విలోమం) 20 డిగ్రీల దగ్గర సుమారు 1.7×10⁻⁸ ఓమ్-మీటర్లు. బాగా ఎండిన గ్రానైట్‌ది పది లక్షల ఓమ్-మీటర్లు దాటుతుంది. రెండింటి మధ్య పద్నాలుగు సున్నాల తేడా. ఇంత తేడాను ఒకే మీటరుతో పట్టుకోవడం ఎవరి వల్లా కాదని, అసలు పని మీటరు చూడటంలో లేదని మొదటి వారంలోనే అర్థమైంది.

సార్ ముందుగా చేయమన్నది కూడా అదే అర్థం కావడానికే. ప్లాస్టిక్ డబ్బాలో తడి ఎర్రమట్టి నింపి, మామూలు మల్టీమీటరు రెండు ప్రోబ్‌లూ గుచ్చి చూడమన్నారు. అంకె ఒకచోట ఆగలేదు. ప్రోబ్‌లు పెట్టినంతసేపూ పెరుగుతూనే ఉంది. ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు చేస్తే ఇంకో అంకె. గట్టిగా అదిమితే ఒకటి, వదులుగా పట్టుకుంటే ఇంకొకటి. మట్టి అదే, తడి అదే. మారింది ప్రోబ్ మట్టిని తాకే చోటు మాత్రమే.

తడి మట్టిలో కరెంటును మోసేవి నీళ్లలో కరిగిన లవణాల అయాన్లు. మల్టీమీటరు పంపేది డీసీ కాబట్టి అవి ఒకే దిక్కుకు కదిలి లోహం దగ్గర పోగవుతాయి, వెనక వచ్చేవాటికి అడ్డుపడతాయి. దీన్నే పోలరైజేషన్ అంటారు. దానికి తోడు ప్రోబ్ ఆనిన చోట ఉండే కాంటాక్ట్ రెసిస్టెన్స్. ఒక్కోసారి అది మట్టి నిరోధం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే మనం మట్టిని కొలుస్తున్నాం అనుకుంటాం, మీటరేమో అతుకును కొలుస్తూ ఉంటుంది. ప్రాజెక్టు మొత్తం ఈ అతుకును ఎలా తప్పించాలన్న దాని మీదే నడిచింది.

తప్పించే దారి డిగ్రీలో చదివిందే. రెండు తీగలతో కరెంటు పంపు, వేరే రెండు తీగలతో వోల్టేజీ చూడు. వోల్ట్‌మీటరు తనలోకి దాదాపుగా కరెంటు తీసుకోదు కాబట్టి, దాని ప్రోబ్‌లు ఎంత అధ్వానంగా ఆనినా అక్కడ వోల్టేజీ పోదు. కరెంటు ప్రోబ్‌ల దగ్గర ఎంత పోయినా అది మనం చూసే రెండు బిందువుల మధ్యకు రాదు. పరీక్షలో నాలుగు మార్కులకు రాసి మర్చిపోయిన విషయం ఇది.

మొదట తీగలు. బజారులో దొరికిన రాగి తీగ, అల్యూమినియం సర్వీస్ వైరులోంచి తీసిన పోగు, పాత హీటర్ లోంచి నైక్రోమ్ చుట్ట. మల్టీమీటరు లీడ్లకే అర ఓమ్ దాకా ఉంటుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగ పది మీటర్లకు వచ్చేది 0.17 ఓమ్. కొలవాల్సిన దానికన్నా కొలిచే వైరుదే ఎక్కువ. నాలుగు తీగల పద్ధతిలో ఒక ఆంపియర్ పంపితే పది మీటర్ల మీద 170 మిల్లీవోల్టుల చుట్టూ నిలకడగా నిలబడింది. స్క్రూగేజితో మందం చూసి లెక్కేస్తే రాగి పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. అల్యూమినియం వాహకత రాగి దానిలో 61 శాతం అని చదివాం, అదీ దగ్గరగానే వచ్చింది. నైక్రోమ్ రాగికన్నా అరవై రెట్లకు పైగా అడ్డుపడుతుంది, హీటరులో వాడేది అందుకే.

ఇక్కడ ఒక చిన్న తమాషా జరిగింది. మోటారు వైండింగుకు అని ఒక షాపులో రాగి తీగ పేరుతో కొన్న చుట్ట ఒకటి ఉంది. పైన ఎనామిల్ గీకితే ఎర్రగా మెరుస్తోంది. లెక్కేస్తే మాత్రం పది మీటర్లకు 0.17 రావాల్సిన మందానికి 0.26 వస్తోంది. కరెంటు సోర్సు మార్చాం, మిల్లీవోల్ట్‌మీటరు మార్చాం, అయినా అదే. చివరికి దాన్ని పట్టుకుని మా వీధి చివర వైండింగ్ మేస్త్రి దగ్గరికి పోయాం. ఆయన మీటరు తీయలేదు, లెక్క అడగలేదు. కటింగ్ ప్లయర్‌తో కొస తెంపి, తెగిన చోటు వెలుతురులో చూపించాడు. లోపల తెల్లగా ఉంది. "అల్యూమినియం మీద రాగి పూత. ఇది ఏస్తే బోరు మోటరు ఎండకాలం దాటదు తమ్మీ" అన్నాడు. మా మిల్లీవోల్టులు చెప్పిందీ అదే. మేం తీసుకున్న సమయం మాత్రం ఆయనకన్నా చాలా ఎక్కువ.

తర్వాత జెర్మేనియం. ఫోర్ ప్రోబ్ ప్రయోగం ఎమ్మెస్సీ చదివిన ప్రతివాళ్లూ చేసే ఉంటారు. చిన్న ఓవెన్, అందులో సన్నని జెర్మేనియం ముక్క, దాని మీద ఒకే వరసలో స్ప్రింగుతో ఆనే నాలుగు సూదులు, సూదికీ సూదికీ మధ్య 2 మిల్లీమీటర్లు. బయటి రెండింటిలో కరెంటు, లోపలి రెండింటి మీద వోల్టేజీ. వేడి పెరిగేకొద్దీ రాగి నిరోధం పెరుగుతుంది, జెర్మేనియంది పడిపోతుంది. రాగిలో ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి, వేడి వాటి దారికి అడ్డం పడుతుంది. జెర్మేనియంలో వేడే కొత్త ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. రెసిస్టివిటీ లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమంతో గ్రాఫ్ గీస్తే వచ్చే వాలు నుంచి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడిపోవడానికి కావాల్సిన శక్తి) లెక్కగడతాం. మాకు 0.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వచ్చింది, పుస్తకంలో 0.67. వేడెక్కేటప్పుడు తీసిన రీడింగుల కన్నా ఓవెన్ ఆపి చల్లారేటప్పుడు తీసినవి గీత మీద బాగా కూర్చున్నాయి. వేడెక్కేటప్పుడు థర్మామీటరు, ముక్క ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు. జూనియర్లు చేసేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

ఈ ప్రయోగంలో ఫార్ములా ρ = 2πs(V/I). ρ అంటే రెసిస్టివిటీ, s అంటే సూదుల మధ్య దూరం. కానీ ఇది నమూనా బాగా లోతుగా ఉన్నప్పుడు. మా ముక్క మందం అర మిల్లీమీటరే, కింద మైకా. కరెంటు కిందికి దిగడానికి చోటు లేదు, పక్కలకే పరుచుకోవాలి. అందుకని వచ్చిన విలువను ఇంకో సంఖ్యతో భాగించాలి. మందం w, s కన్నా బాగా తక్కువైతే ఆ సంఖ్య 2(s/w)ln2. రెండు మిల్లీమీటర్లకు, అర మిల్లీమీటరుకు లెక్కేస్తే అది ఐదున్నర.

ల్యాబు రికార్డుల్లో ఈ సంఖ్య తరతరాలుగా కాపీ అవుతూ వస్తుంది. ఎక్కడిదని ఎవరూ అడగరు. కారణం ఉంది. బ్యాండ్ గ్యాప్‌కు కావాల్సింది గ్రాఫు వాలు మాత్రమే. అన్ని విలువలనూ ఒకే సంఖ్యతో భాగించినా, భాగించకపోయినా వాలు మారదు. దిద్దుబాటు మర్చిపోయినవాడికీ మార్కులు వస్తాయి. మేమూ దాన్ని పట్టించుకునేవాళ్లం కాదేమో, చెలకలోకి (ఎర్రమట్టి మెట్ట పొలంలోకి) పోకపోయి ఉంటే.

చెలకలోకి పోవడం సార్ ఆలోచనే. "ఆ ఫార్ములా జెర్మేనియం కోసం పుట్టలేదు" అన్నారు. అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ అనే ఆయన 1915లో నేల రెసిస్టివిటీ కొలవడానికి నాలుగు రాడ్లను సమాన దూరంలో గుచ్చే పద్ధతిని రాశాడు. దాన్ని జెర్మేనియం మీదికి తెచ్చి వాల్డిస్ అనే ఆయన వ్యాసం రాసింది 1954లో. అంటే ల్యాబులో ఓవెన్లో పెట్టి మేం చేస్తున్నది మొదట పొలంలో చేసిన పని. రాడ్ల మధ్య దూరాన్ని అక్కడ a అంటారు, అంతే తేడా. ρ = 2πaR, ఇక్కడ R అంటే V/I.

నా పార్ట్‌నర్ వాళ్లది చండూరు వైపు. వాళ్లకు గుట్ట పక్కన కొంత చెలక ఉంది, పత్తి వేస్తారు. కరెంటు కాంట్రాక్టు పనులకు పోయే మా బావ దగ్గర నాలుగు టెర్మినళ్ల ఎర్త్ టెస్టర్ దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ల ఎర్తింగ్ చూడటానికి వాళ్లు వాడేది. ఇది ఏసీ పంపుతుంది, కాబట్టి డబ్బాలో మట్టికి వచ్చిన పోలరైజేషన్ గొడవ ఉండదు. ఆ ఏసీ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కాదు కాబట్టి పక్క పొలంలో మోటారు నడుస్తున్నా అది వేరుచేసుకోగలదు. రాడ్లు కమ్మరి దగ్గర కోసిన ఇనప ఊచలే. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, రాడ్డు దిగే లోతు రాడ్ల మధ్య దూరంలో ఇరవయ్యో వంతు మించకూడదు. లేదంటే ఫార్ములాలో రాడ్డును ఒక బిందువుగా అనుకోవడం కుదరదు. ఒక మీటరు దూరానికి ఐదు సెంటీమీటర్లే గుచ్చాలన్నమాట. కంచె తీగలకు, పైపులైన్లకు దూరంగా ఉండాలి.

నవంబరులో, పత్తి ఏరడం ఒక దఫా అయ్యాక మొదలుపెట్టాం. రాడ్ల మధ్య ఒక మీటరు దూరం పెడితే టెస్టర్‌లో 6 ఓమ్‌లు, అంటే 38 ఓమ్-మీటర్లు. రెండు మీటర్లకు లెక్కేస్తే 52. నాలుగుకు 94. ఎనిమిది మీటర్లకు టెస్టర్ చూపింది 3.52 ఓమ్‌లే గానీ, 2πa తో గుణిస్తే 177.

మట్టి ఒకటే, అంకె మాత్రం దూరం పెంచినకొద్దీ పెరుగుతోంది. పొలం మూలకు పాడుబడ్డ మోటబావి ఉంది. దాని గోడ చూస్తే విషయం కంటికే కనిపిస్తుంది. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, రెండు మీటర్ల దగ్గర ఒక్కసారిగా రాయి. అక్కడి నుంచి కిందికి అంతా గ్రానైటే. రాడ్లు దగ్గరగా ఉన్నప్పుడు కరెంటు మట్టిలోనే తిరిగొస్తుంది, కింద రాయి ఉన్న సంగతి దానికి తెలియదు. ఎనిమిది మీటర్లకు జరిపితే లోతుకు దిగాలని చూస్తుంది, రాయి దిగనివ్వదు. ఆ రెండు మీటర్ల పొరలోనే పక్కలకు పరుచుకోవాలి.

ఆ రాత్రి వాళ్లింట్లో కూర్చుని లెక్కలు చూస్తుంటే పార్ట్‌నరే పట్టాడు. జెర్మేనియంలో సూదుల దూరం 2 మిల్లీమీటర్లు, మందం అర మిల్లీమీటరు. నిష్పత్తి నాలుగు. చెలకలో రాడ్ల దూరం 8 మీటర్లు, మట్టి మందం 2 మీటర్లు. నిష్పత్తి నాలుగు. కింద రాయి పూర్తిగా కరెంటును ఆపేసేదైతే ఇక్కడా అదే ఐదున్నర రావాలి. మట్టి అసలు విలువ 35 అనుకుంటే మాకు వచ్చింది ఐదు రెట్లు. గ్రానైటు మైకా కాదు, దాని పగుళ్లలో ఎంతో కొంత తడి ఉంటుంది, కొంచెం కరెంటు దిగుతుంది. ఆ కొంచెం వల్లే ఐదున్నర ఐదయింది. రికార్డుల్లో చచ్చిపడి ఉన్న సంఖ్య పత్తి చేనులో దొరికిందని మేం చేసిన గోలకు వాళ్ల నానమ్మ లేచొచ్చి తిట్టింది.

పొలంలో నాలుగు రాడ్లు, వైర్లు పరిస్తే జనం రాకుండా ఉండరు. పక్క చేను పెద్దాయన వచ్చి కాసేపు చూసి అడిగాడు.

"బోరు పాయింట్ చూస్తున్నరా బిడ్డా?"

"కాదు తాతా, మట్టిల కరెంటు ఎట్ల పోతదో చూస్తున్నం."

"మట్టిల కరెంటు పోతే మనం బతుకుతమా?"

సమాధానం చెప్పే లోపే ఆయనే అందుకున్నాడు. కొబ్బరికాయ పట్టేవాడు చెప్పిన చోట ఒక బోరు, మిషన్ పెట్టేవాడు చెప్పిన చోట ఇంకొకటి, ఆ తర్వాత కోపంతో వేసినవి కొన్ని. అన్నింట్లోనూ దుమ్మే లేచింది. "మీ మిషన్ల ఎన్ని ఇంచుల నీళ్లు పడతయో చూపిస్తదా?" అన్నాడు.

చూపించదు. ఎనిమిది మీటర్ల దూరంతో మేం చూడగలిగేది పై పొరనే. బోరు పాయింటు కోసం చేసే రెసిస్టివిటీ సర్వేలో కరెంటు రాడ్లను వందల మీటర్ల దూరం దాకా జరుపుతూ పోతారు. అది కూడా కచ్చితం కాదు. మా ప్రాంతపు గ్రానైటులో నీళ్లు ఉండేది పైన శిథిలమైన పొరలో, దాని కింద పగుళ్లలో. అరవై మీటర్ల కింద సన్నని పగులు ఒకటి ఉంటే పైనున్న మీటరుకు అది తెలియడం కష్టం. పైగా రీడింగు తక్కువ వచ్చిందంటే నీళ్లే అనడానికి లేదు, జిగట మట్టికీ తక్కువే వస్తుంది. కొబ్బరికాయ కన్నా మిషన్ నయమే, రాయి ఎంత లోతులో మొదలవుతుందో అయినా చెబుతుంది. కానీ ఇన్ని ఇంచుల నీళ్లు గ్యారంటీ అని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లను నేను నమ్మను. పెద్దాయనకు ఇదంతా చెబితే, "అయితే మీరు గూడ తెల్వదనే చెప్తున్నరు" అని లేచి వెళ్లిపోయాడు.

చెలక అయ్యాక వేరే నేలలు చూశాం. నల్లరేగడిలో ఒక మీటరు దూరానికి పది ఓమ్-మీటర్ల చుట్టూ వచ్చింది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, నీళ్లు నిలిచి చౌడుబారిన ఒక పల్లపు మడిలో అయిదే. తెల్లగా పేరుకున్న లవణం కాళ్ల కిందే కనిపిస్తోంది, ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. ఈ అంకెలు మా బావకు బాగా పనికొచ్చాయి. మూడు మీటర్ల ఎర్త్ రాడ్డు రేగడిలో దింపితే మూడు నాలుగు ఓమ్‌లకు దిగుతుంది. ఎండాకాలం చెలకలో అదే రాడ్డు లెక్క ప్రకారమే ఇరవై దాటుతుంది, నిజానికి రాయి అడ్డొచ్చి మూడు మీటర్లు దిగనే దిగదు. చెలక ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు ఎందుకు పోస్తారో, ఎండాకాలం బిందెలతో నీళ్లు ఎందుకు పోస్తారో ఈ లెక్క చెబుతుంది.

గ్రానైటు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మా దగ్గర దానికి తగిన సామాను లేదు. పాలిషింగ్ యూనిట్ దగ్గర పారేసిన ముక్కలు తెచ్చి ఓవెన్లో ఆరబెట్టి మెగ్గర్ (చాలా పెద్ద నిరోధాలు కొలిచే మీటరు) పెడితే ముల్లు అనంతం గుర్తు మీద నుంచి కదల్లేదు. చేత్తో పట్టుకుని పెడితే కదిలింది. అది రాయి కాదు, మా చేతి చెమట మీదుగా పైపైన పోయే కరెంటు. రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి, రెండు వైపులా తడిపిన అద్దుడు కాగితం, రేకు పెట్టి ఏసీ మీద చూస్తే లక్ష ఓమ్‌ల దరిదాపుల్లోకి దిగింది. గ్రానైటులో ఖాళీ ఒక శాతం కూడా ఉండదు. ఆ కాస్త ఖాళీలోకి దూరిన నీళ్లే కరెంటును మోస్తున్నాయి తప్ప రాతి గింజలు కాదు.

అందుకే నీళ్లనూ కొలవాల్సి వచ్చింది. కెమిస్ట్రీ వాళ్ల కండక్టివిటీ మీటరు అడిగి తెచ్చుకున్నాం. ముందు 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో సరిచూసుకోవాలి, 25 డిగ్రీల దగ్గర అది సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ చూపాలి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నీళ్ల వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. అందుకని సీసాలన్నీ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి. పూర్తిగా శుద్ధమైన నీటికి 0.055 అని పుస్తకం చెబుతుంది. మా డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడూ ఒకటికి కిందకు రాలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినా చాలు, అది పెరిగిపోతుంది. ఊరి ఆర్‌వో ప్లాంటు నీళ్లు అరవై, మిషన్ భగీరథ నల్లా నీళ్లు నాలుగైదు వందలు, బోర్లు తొమ్మిది వందల నుంచి రెండు వేల దాకా.

చండూరు వైపు సీసాలు పట్టుకుని తిరిగితే అందరూ అడిగేది ఒకటే. "ఫ్లోరైడ్ ఎంతున్నది?" మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు, ఈ ఊళ్లలో వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లు ఇంకేం అడుగుతారు? పార్ట్‌నర్ నానమ్మ కూడా అదే అడిగింది. "ఈ మిషన్ల తెలుస్తదా?" తెలియదు నానమ్మా అని చెప్పాం. ఆమె ఒప్పుకోలేదు. ఆర్‌వో ప్లాంటు వాళ్లు పెన్ను లాంటి మీటరు ముంచి "చూడండి, అంతా పోయింది" అని చూపిస్తారు కదా అంది.

ఆ పెన్ను టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు. లోపల అది కొలిచేది కండక్టివిటీనే, ఒక అంచనా గుణకంతో గుణించి టీడీఎస్‌గా చూపుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశంలో గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంత ఫ్లోరైడ్ కండక్టివిటీకి కలిపేది నాలుగు మైక్రోసీమెన్సే. వెయ్యి చూపే బోరు నీళ్లలో ఆ నాలుగు ఎక్కడ కనిపిస్తాయి? మా నమూనాల్లోనే తొమ్మిది వందలు చూపిన బోరులో, ల్యాబులో రసాయన పరీక్ష చేయిస్తే, ఫ్లోరైడ్ పరిమితి దాటింది. రెండు వేలు చూపిన దాంట్లో పరిమితి లోపే ఉంది. సున్నం తక్కువగా ఉండి సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది, మొత్తం లవణం ఎంతన్నదానితో దానికి నేరుగా సంబంధం లేదు. ప్రాజెక్టు రిపోర్టులో ఈ భాగం అరపేజీయే, కానీ ఊళ్లో మా దగ్గర జనం శ్రద్ధగా విన్నది ఇదొక్కటే.

ఏప్రిల్‌లో మళ్లీ అదే చెలకకు పోయాం. ఎండకు మట్టి అట్టకట్టి రాడ్డు దిగనే లేదు, సుత్తితో కొట్టాల్సి వచ్చింది. టెస్టర్ రాడ్ల కాంటాక్టు సరిగా లేదని సిగ్నల్ ఇస్తూనే ఉంది. రాడ్ల మొదట్లో ఉప్పునీళ్లు పోశాం. ఉప్పునీళ్లు పోస్తే రీడింగే మారిపోదా అని పార్ట్‌నర్ అనుమానం. మారదు. కరెంటు పెరుగుతుంది, మధ్య రాడ్ల మీద వోల్టేజీ కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. టెస్టర్ చూపేది రెండింటి భాగహారం. మరీ ఎక్కువ పోసి ఒక రాడ్డు నుంచి ఇంకో రాడ్డు దాకా నేల తడిపితే తప్ప ఇబ్బంది లేదు. ఒక మీటరుకు ఈసారి 70 వచ్చింది. ఎనిమిది మీటర్లకు 310.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా బయటి నుంచి వచ్చిన సార్ తీగలను, జెర్మేనియంను అసలు ముట్టుకోలేదు. నేరుగా ఈ పేజీ తెరిచారు.

"నవంబరులో ఎనిమిది మీటర్లకు 177, ఏప్రిల్‌లో 310. లోతులో నీళ్లు తగ్గాయన్నమాటేగా?"

అవును సార్ అంటే సరిపోయేది, ఆయన ఆ జవాబు కోసమే అడిగినట్టు కూడా ఉంది. నా పార్ట్‌నర్ మాత్రం చాక్‌పీసు అందుకున్నాడు. ఒక మీటరు విలువ కూడా 38 నుంచి 70కి పెరిగింది. ఎనిమిదిని ఒకటితో భాగిస్తే నవంబరులో 4.7, ఏప్రిల్‌లో 4.4. లోతులో ఏదైనా పెద్దగా మారితే ఈ నిష్పత్తి బాగా మారాలి. మారలేదు కాబట్టి ఎండింది పైనున్న రెండు మీటర్ల మట్టే. పల్చని పొర మీద రాడ్లు ఎంత దూరం జరిపినా మీటరు చెప్పేది చాలావరకు ఆ పొర సంగతే. మోటబావిలో నీటిమట్టం నవంబరులోనూ రాతిలోనే ఉంది, దాని జాడ మా రీడింగుల్లో లేదు.

"మరి బావి లేకపోతే? మట్టి మందం రెండు మీటర్లని ఎలా చెబుతారు?" అన్నారాయన.

నాలుగు దూరాల రీడింగులను లాగ్ గ్రాఫ్ మీద గీసి, రెండు పొరల నేలకు లెక్కగట్టి పెట్టిన మాస్టర్ కర్వ్‌ల మీద జరుపుతూ పోల్చి చూస్తాం అని నేను చెప్పాను. గీసి చూపించమన్నారు. ట్రేసింగ్ పేపరు సంచిలోనే ఉంది, తీసి కర్వ్ మీద పెట్టాం. 1.9 దగ్గర కూర్చుంది. ఆయన తలూపి, రిపోర్టు మూసి, ఫెర్రైట్ల బ్యాచ్‌ను పిలవమన్నారు.